నేపాల్ నుంచి వచ్చిన కుటుంబం మా అపార్ట్‌మెంటులో కాపలాకు చేరింది, వాళ్ల ప్రాంతం గురించి తెలిసినవారు చెప్పగలరా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు), జూలై మొదటి వారం

మా అపార్ట్‌మెంటు వేదాయపాలెంలో ఉంది. మొత్తం పదహారు ఇళ్లు. పాత వాచ్‌మన్ సొంత ఊరు వెళ్లిపోయాక నెలన్నర పాటు ఎవరూ దొరకలేదు. పోయిన వారం ఒక నేపాలీ కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప, మూడేళ్ల బాబు. మెట్ల కింది గదిలో దిగారు. గది అని రాశాను గానీ, అందులో మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు.

మొదటి రోజే ఒక అపార్థం జరిగింది. సంఘం కార్యదర్శి గుర్తింపు కాగితాలు అడిగితే, ఆయన తనకు వచ్చిన హిందీలో "నాగరికత ఊళ్లో ఉండిపోయింది, తమ్ముడు పంపిస్తాడు" అన్నాడు. అక్కడున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను. నేపాలీలో ఆ మాటకు అర్థం పౌరసత్వ పత్రమని సాయంత్రం మా అబ్బాయి చెప్పాడు. రోజుల తరబడి ప్రయాణం చేసి, పసిబిడ్డను ఎత్తుకుని వచ్చిన మనిషి ముందు నవ్వినందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా చిన్నప్పుడు మూలాపేటలో రాత్రిళ్లు కర్ర తాటిస్తూ, ఈల ఊదుతూ ఒకాయన తిరిగేవాడు. నెల మొదట్లో ఇంటింటికీ వచ్చి డబ్బులు తీసుకుని, దండం పెట్టి వెళ్లేవాడు. పన్నెండేళ్లు చూశాము. "గూర్ఖా వచ్చాడు" అనడమే తప్ప ఆయన పేరేమిటో, పిల్లలున్నారో లేదో మా ఇంట్లో ఎవరూ ఒక్కసారి కూడా అడగలేదు. ఈసారి అలా జరగకూడదని నా కోరిక. వీళ్లది అచ్ఛాం అనే జిల్లా అట. అక్కడి పరిస్థితులు, అలవాట్లు తెలిసినవారు చెప్పండి. పాపను బడిలో చేర్పించడం గురించి కూడా సలహా కావాలి.


కావలి మాస్టారు

మంచి ప్రశ్న వేశారమ్మా. నేను సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. తెలిసినంత చెబుతాను.

ముందు ఆ పేరు సంగతి. గోర్ఖా అన్నది నేపాల్ నడిమి భాగంలో ఉన్న ఒక జిల్లా. అక్కడి రాజు పృథ్వీనారాయణ్ షా 18వ శతాబ్దంలో చుట్టుపక్కల రాజ్యాలను కలిపి నేటి నేపాల్‌కు పునాది వేశాడు. ఆంగ్లేయులు 1815లో అక్కడివారిని తమ సైన్యంలోకి తీసుకోవడం మొదలుపెట్టి, ఆ సైనికులందరికీ ఆ ఊరి పేరే పెట్టారు. 1947లో పది గూర్ఖా రెజిమెంట్లను పంచుకున్నప్పుడు ఆరు మన సైన్యానికి, నాలుగు బ్రిటన్‌కు వెళ్లాయి. మన వీధుల్లో కర్ర పట్టుకుని తిరిగే ప్రతి నేపాలీకీ ఆ పేరు తగిలించడం మనం చేసిన పని. నెల్లూరు మనిషిని పట్టుకుని జీవితాంతం "ఏమయ్యా కాకినాడా" అని పిలిస్తే ఎలా ఉంటుంది?

మీ ఇంటికి వచ్చినవారి అచ్ఛాం జిల్లా గోర్ఖాకు చాలా దూరం. అది దేశానికి పడమటి కొసన ఉంది. ఆ రాష్ట్రం పేరే సుదూర్‌పశ్చిమ్. దాని రాజధాని ఊరి పేరు గోదావరి! ఈ ఒక్క మాట చెప్పి చూడండి, మీకూ వాళ్లకూ మాటలు కలుస్తాయి.

అచ్ఛాం పూర్తిగా కొండ ప్రాంతం. మెట్లు మెట్లుగా చెక్కిన చిన్న చిన్న మళ్లు, వానను నమ్ముకున్న సేద్యం. పంట నాలుగైదు నెలలకు మించి రాని ఇళ్లు ఎన్నో. అందుకే అక్కడి మగవాళ్లు తాతల కాలం నుంచి ఢిల్లీ, ముంబయి, బెంగళూరు దారి పడుతున్నారు. ఇలా మన దేశానికి పనికి రావడాన్ని వాళ్ల వైపు "కాలాపహాడ్ వెళ్లడం" అంటారు. నల్లకొండ అని అర్థం. పూర్వం సైన్యంలో చేరడానికి లాహోరు వెళ్లినవారిని "లాహురే" అన్నారు, ఆ మాట ఇప్పటికీ పరదేశం వెళ్లిన సైనికులకు నిలిచిపోయింది. వలస ఎంత పాతదో ఈ మాటలే చెబుతాయి.

దీనికి తోడు 1996 నుంచి 2006 వరకు పదేళ్లు అక్కడ మావోయిస్టుల యుద్ధం నడిచింది. సుమారు 17 వేల మంది చనిపోయారు. అచ్ఛాం జిల్లా కేంద్రం మంగళ్‌సేన్ మీద ఫిబ్రవరి 2002లో జరిగిన దాడిలో వంద మందికి పైగా సైనికులు, పోలీసులు ఒక్క రాత్రిలో ప్రాణాలు కోల్పోయారు. మీ వాచ్‌మన్ వయసు ముప్పై అయిదు ఉంటుందనుకుంటే, అప్పటికి ఆయన బడికి వెళ్లే పిల్లవాడు. ఏమి చూశాడో మనం అడగకూడదు. ఆయనే చెబితే వినాలి.


ట్రంకురోడ్డు దుకాణం

మాస్టారు చెప్పినవన్నీ గౌరవిస్తున్నాను. అయినా నా మాట కూడా వినండి. రెండేళ్ల కిందట మా దుకాణంలో వేరే రాష్ట్రం కుర్రవాణ్ణి ఎవరో చెప్పారని పనిలో పెట్టుకున్నాను. నాలుగో నెలలో గల్లాపెట్టె డబ్బుతో కనిపించకుండా పోయాడు. ఫిర్యాదు చేయబోతే నా దగ్గర అతని ఫొటో కూడా లేదు. జాలి వేరు, జాగ్రత్త వేరు. పదహారు ఇళ్ల తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలియాలి కదా? ఇంకొక మాట. మన జిల్లాలో పని లేనివాళ్లు లేరా? సరిహద్దు దాటి వచ్చినవారిని పెట్టుకోవలసిన అవసరం ఏమిటి?


పెన్నా ఒడ్డు

మీ నష్టం చిన్నది కాదు, మీ భయం నాకు అర్థమవుతుంది. మన జిల్లావాళ్లను ముందు అడిగామండీ. పగలూ రాత్రీ ఉండాలి, తొమ్మిది వేలు, మెట్ల కింద గది అనేసరికి వచ్చిన నలుగురూ వెనక్కి వెళ్లారు. వాళ్లను తప్పుపట్టను. ఆ గదిలో నేను కూడా ఉండలేను.


ఖాకీ నాన్న (మాజీ హెడ్ కానిస్టేబుల్, నెల్లూరు)

చట్టం సంగతి చెబుతాను. 31 జూలై 1950న మన దేశానికీ నేపాల్‌కూ శాంతి, స్నేహ ఒప్పందం కుదిరింది. దాని ఏడో అధికరణం ప్రకారం ఒక దేశం వారు రెండో దేశంలో నివసించవచ్చు, ఆస్తి కొనవచ్చు, వ్యాపారం చేయవచ్చు, తిరగవచ్చు. వీసా అక్కర్లేదు. మనవాళ్లు కాఠ్‌మాండూలో అంగడి పెట్టుకోవడానికి కూడా ఇదే ఆధారం. కాబట్టి వాళ్లు దొంగచాటుగా వచ్చినవారు కాదు. ఓటు ఉండదు, అంతే.

దుకాణం గారు అడిగిన జాగ్రత్త న్యాయమైనదే. ఫొటో, నాగరికత పత్రం నకలు, ఊళ్లో ఉన్న బంధువు ఫోను నంబరు తీసుకుని మీ పరిధిలోని స్టేషన్‌లో ఇవ్వండి. కొత్తగా వచ్చిన ఏ పనిమనిషికైనా, అద్దెకు దిగే ఎవరికైనా చేసే పనే ఇది. నేపాలీ అయినందుకు ప్రత్యేకంగా చేస్తున్నట్టు వాళ్లకు అనిపించకూడదు. ఆయన్ను ఒంటరిగా పంపవద్దు. మీలో ఒకరు వెంట వెళ్లి కుర్చీ చూపించి కూర్చోబెట్టండి.

అసలు పత్రం మాత్రం మీ దగ్గర ఉంచుకోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. నా ఉద్యోగంలో ఎన్నోసార్లు చూశాను, యజమాని "భద్రంగా ఉంటుంది" అని కాగితాలు బీరువాలో పెట్టుకుంటాడు. ఇక ఆ మనిషి జీతం అడగలేడు, తల్లి పోయిందని కబురు వచ్చినా కదలలేడు. నకలు తీసుకుని అసలు అప్పుడే చేతికి ఇచ్చేయండి.


సంగటి ముద్ద (పొదలకూరు రోడ్డు)

మా పక్క అపార్ట్‌మెంటులో మూడేళ్లుగా నేపాలీ కుటుంబమే ఉంది. ఆమెది కూడా ఆ పడమటి వైపే. ఆడవాళ్ల సంగతి మాస్టారు రాయరు కాబట్టి నేను రాస్తాను.

వచ్చిన కొత్తలో ఆమె నెలకు నాలుగు రోజులు గదిలోకి వెళ్లేది కాదు. వాహనాలు నిలిపే చోట గోనెపట్టా పరుచుకుని పడుకునేది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. ఒక రాత్రి వాన పడుతుంటే లోపలికి వెళ్లమని చేయి పట్టుకోబోయాను. భయంతో వెనక్కి జరిగింది. అప్పుడు తెలిసింది. వాళ్ల వైపు దాన్ని ఛౌపడీ అంటారు. బహిష్టు అయిన ఆడవాళ్లను ఊరి అంచున మట్టి పాకలో, పశువుల కొట్టంలో ఉంచుతారు. చలికి, పాము కాటుకు, లోపల పెట్టుకున్న నెగడు పొగకు ఎందరో చనిపోయారు. అక్కడి సుప్రీంకోర్టు 2005లోనే నిషేధించింది. 2017లో చట్టం చేసి, బలవంతం చేసేవారికి మూడు నెలల జైలు గానీ, మూడు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పెట్టారు. అయినా మనసులో భయం అంత తొందరగా పోదు. దేవుడికి కోపం వస్తుంది, పిల్లలకు ఏదైనా అవుతుంది అని.

వాళ్లను చూసి ముక్కున వేలేసుకోకండి. మా అమ్మమ్మ ఇంట్లో మేమూ మూడు రోజులు వసారాలో చాప మీదే ఉన్నాము, కంచం వేరు, చెంబు వేరు. నేను ఆమెకు ఉపదేశం చేయలేదు. మా అమ్మమ్మ వసారా కథ చెప్పాను, నేను మానేసి పాతికేళ్లు అయిందని, నా పిల్లలు బాగానే ఉన్నారని చెప్పాను. ఏడాది పట్టింది. ఇప్పుడు గదిలోనే పడుకుంటుంది. దేవుడి పటం ఉన్న మూలకు మాత్రం వెళ్లదు. అది ఆమె ఇష్టం.

తిండి విషయం తేలిక. పప్పు, అన్నం, కూర వాళ్లకూ రోజువారీ భోజనం. వాళ్ల "ఢిడో" అచ్చంగా మన సంగటే. రాగి, మొక్కజొన్న, ఏ పిండైనా మరిగే నీళ్లలో పోసి గట్టిగా గెలుకుతారు. నేను రాగి సంగటి పెడితే కళ్లనీళ్లు పెట్టుకుంది. చేపల పులుసు పెట్టినప్పుడు మాత్రం పులుపుకు కళ్లు మూసుకుంది. చింతపండు వాళ్లకు అంత అలవాటు లేదు. మొదటి వారంలోనే నెల్లూరు చేపల పులుసు పంపకండి, కాస్త ఆగండి!


అల్లూరు మనవడు

నేను ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా తాత అల్లూరు పక్క పల్లె నుంచి మద్రాసు వెళ్లి, ఓడెక్కి రంగూన్ చేరాడు. బియ్యం మిల్లులో కూలీగా మొదలై మేస్త్రీ అయ్యాడు. అక్కడ తెలుగువాళ్లను కొరంగీలు అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి మొదట వెళ్లినవారిని బట్టి ఆ పేరు. మా తాత కోరంగిని ఎప్పుడూ చూడలేదు. అయినా ముప్పై ఏళ్లు ఆయన కొరంగీయే. పెన్నా ఒడ్డు గారూ, మీరు రాసిన గూర్ఖా మాట చదవగానే నాకు ఇదే గుర్తుకొచ్చింది.

1962 మార్చిలో బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాలు, మిల్లులు ప్రభుత్వం తీసుకుంది. 1964 మేలో యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవన్నారు. తాత కూడబెట్టినదంతా ఆ నోట్లలోనే ఉంది. ఆ రోజుల్లో లక్షల మంది భారతీయులు ఓడల్లో తిరిగి వచ్చారు. ఓడ ఎక్కేటప్పుడు మా నాయనమ్మ చెవి కమ్మలు కూడా తీసి ఇవ్వవలసి వచ్చిందట. మద్రాసు రేవులో దిగినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నవి ఒక ఇనప్పెట్టె, రెండు దుప్పట్లు, మా నాన్న.

అసలు బాధ ఊరికి చేరాక మొదలైంది. సొంత ఊరే, సొంత భాషే. అయినా మేము "బర్మావాళ్లం" అయ్యాము. మా నాన్న తెలుగులో బర్మా యాస ఉందని బడిలో ఏడిపించేవారు. ఆయన ఏడాది పాటు తరగతిలో నోరు విప్పలేదు. నాయనమ్మ లుంగీ కట్టు చూసి బావి దగ్గర ఆడవాళ్లు పక్కకు జరిగేవారు. ఒక్క ముసలమ్మ మాత్రం, మాకు ఏ చుట్టరికమూ లేని మనిషి, మొదటి వారం సాయంత్రం పూట వచ్చి అరుగు మీద కూర్చుని "రంగూన్లో వరి ఎట్లా కోస్తారమ్మా?" అని అడిగిందట. వెళ్తూ వెళ్తూ చేటెడు మొలగొలుకుల బియ్యం పెట్టి వెళ్లింది. బియ్యం సంగతి నాయనమ్మ ఒకసారి చెబితే, ఆమె అడిగిన ప్రశ్న సంగతి వందసార్లు చెప్పేది. అప్పటిదాకా "మీ దగ్గర ఏమి మిగిలింది" అని అడిగినవారే గానీ, అక్కడ ఎలా బతికారని అడిగినవారు లేరు.

నాయనమ్మ కొబ్బరిపాలతో ఖౌస్వే అనే బర్మా నూడుల్స్ వంటకం చేసేది. ఆమె పోయాక మా ఇంట్లో ఎవరికీ అది సరిగ్గా కుదరలేదు.


మైపాడు గాలి

అల్లూరు మనవడు గారూ, చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. శ్రీలంకలో తరతరాలుగా పాములాడించి బతికిన అహికుంటకులు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మన మాటలు దాటని సముద్రం లేదేమో.


బడి గంట (ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని)

పాప చదువు గురించి ఎవరూ రాయలేదు. అది ఆలస్యం చేయకూడదు.

2009 విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు "ప్రతి బిడ్డకూ" అంటుంది. ఏ దేశం బిడ్డ అని అనలేదు. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదని పద్నాలుగో సెక్షన్ చెబుతుంది. బదిలీ పత్రం లేకపోయినా ఆపకూడదు. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి, వెనకబడిన పాఠాలకు విడిగా శిక్షణ ఇవ్వాలి. ఎనిమిదేళ్ల పాపను భాష రాదని ఒకటో తరగతిలో వేస్తామంటే ఒప్పుకోకండి. తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చున్న బిడ్డ మనసు ముడుచుకుపోతుంది, నేను చూశాను.

భాష గురించి ఎక్కువ భయం వద్దు. రెండేళ్ల కిందట నూడుల్స్ బండి నడిపే నేపాలీ వంటవాడి కొడుకు మా తరగతికి వచ్చాడు. పది రోజులు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. ఒకరోజు నేను వర్ణమాల పలికిస్తుంటే "క ఖ గ ఘ ఙ" దగ్గర వాడి తల ఇటు తిరిగింది. నేపాలీ రాసేది దేవనాగరిలో. అక్షరాల వరుస మనదే! వాడు లేచి నిలబడి చివరిదాకా ఒప్పజెప్పాడు. తరగతిలో పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పక్కపక్కన రెండు లిపులూ రాసి ఇచ్చాను. దసరా సెలవుల నాటికి గుణింతాలు వచ్చాయి. మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 1992 నుంచి నేపాలీ కూడా ఉంది. కాబట్టి ఆ పాప మాట్లాడేది ఈ దేశం గుర్తించిన భాషల్లో ఒకటి. చేర్చుకునేవారికి ఇది కూడా చెప్పండి.


పెన్నా ఒడ్డు, రెండు వారాల తరువాత

అందరికీ నమస్కారం. జరిగినవి చెబుతాను.

మాస్టారూ, గోదావరి మాట చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. ఊరి నుంచి గోదావరి దాకా వచ్చి, అక్కడి నుంచి సరిహద్దుకు బస్సు, మహాకాలి నది దాటి బన్‌బసా, ఢిల్లీ, తరువాత రెండు రాత్రుల రైలు. ఆ దారంతా మా ఇంటి మెట్ల మీద కూర్చుని వేలితో గీసి చూపించాడు. తన పేరు చెప్పాడు, మా పేర్లు అడిగాడు. నన్ను దీదీ అంటున్నాడు.

పాపను చేర్చడానికి వెళ్లిన మొదటి బడిలో ఆధార్ లేనిదే కుదరదన్నారు. నేను బడి గంట గారు రాసినది కాగితం మీద రాసుకుని వెళ్లాను. అయినా రేపు రండి, ఎల్లుండి రండి అన్నారు. మూడో రోజు ఇంకొక ప్రభుత్వ పాఠశాలకు వెళ్తే అక్కడి ప్రధానోపాధ్యాయురాలు పాపను పక్కన కూర్చోబెట్టుకుని, పేరు ఆమె చేతే రాయించి, మూడో తరగతిలో చేర్చుకున్నారు. పాప దేవనాగరిలో రాసింది. ఆమె కింద తెలుగులో రాసి ఇచ్చారు. ఆ కాగితం పాప ఇంకా పుస్తకంలో దాచుకుంది.


ట్రంకురోడ్డు దుకాణం

సంతోషంగా ఉందండీ. స్టేషన్‌లో కాగితాలు ఇచ్చారా లేదా అన్నది రాయలేదు. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. మన ఊరివాడికి పని ఇవ్వడం మన మొదటి బాధ్యత అని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ నలుగురు మనవాళ్లు కాదన్న గదిలో పరాయి మనిషి కుటుంబాన్ని ఉంచి, చవకగా దొరికాడని అనుకోవడం తప్పు. ఆ గది సంగతి ఏమి చేశారు? మీ సంఘం సమావేశంలో అది అడగండి. ఖర్చు సమస్య అయితే, నా దుకాణం పైన ఉన్న సామాన్ల గది నుంచి రెండు కిటికీలు, ఒక తలుపు ఇస్తాను. పాతవే గానీ టేకువి.


పెన్నా ఒడ్డు

కాగితాలు ఇచ్చామండీ. కార్యదర్శి, నేను వెంట వెళ్లాము. అసలు పత్రం ఆయన పెట్టెలోనే ఉంది.

గది గురించి సమావేశంలో గంటన్నర వాదన జరిగింది. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన కట్టి వదిలేసిన గది ఉంది, మరుగుదొడ్డి కూడా ఉంది. రేకులు కారుతున్నాయి. బాగు చేయించడానికి ఇంటికి రెండు వేలు అంటే పదకొండు ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. మీ టేకు కిటికీలు వచ్చి తీసుకుంటాము. నెలకు రెండు సెలవులు కూడా రాయించాము. ఆ రోజుల్లో ఇంటికొకరం వంతులవారీగా గేటు చూసుకుంటాము.


పెన్నా ఒడ్డు, నవరాత్రులకు వారం ముందు

ఒక సాయం కావాలి. మన దసరానే వాళ్లకు దశైఁ, ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పండుగ. మొదటి రోజు ఘటస్థాపన చేసి ఇసుక మట్టిలో యవలు, అంటే బార్లీ గింజలు, చల్లుతారట. ఎండ తగలకుండా పెంచితే పచ్చగా కాకుండా పసుపుపచ్చగా మొలకలు వస్తాయి. వాటిని జమరా అంటారు. పదో రోజున పెద్దవాళ్లు పెరుగు, బియ్యం, ఎర్రరంగు కలిపి నుదుట టీకా పెట్టి, ఆ మొలకలు చెవి మీద ఉంచి దీవిస్తారు. ఈ ఏడు ఊరు వెళ్లడానికి చార్జీలు లేవు, ఇక్కడే చేసుకుంటామన్నారు. పచారీ దుకాణంలో బార్లీ తెచ్చి ఇచ్చాను. నానబెట్టి నాలుగు రోజులైనా మొలక రాలేదు. ఆమె ఏమీ అనలేదు గానీ ముఖం చిన్నబోయింది.


సంగటి ముద్ద

అది పొట్టు తీసి పాలిష్ పట్టిన బార్లీ, మొలకెత్తదు! గోధుమలు వాడుకోమనండి. మా పక్కామె అదే చేస్తుంది, వాళ్ల ఊళ్లోనూ యవలతో పాటు గోధుమలు కలుపుతారట. మన పెళ్లిళ్లలో పాలికలు పోస్తాము కదా, అదే పద్ధతి. విత్తనాల దుకాణంలో అడగండి, పూజా సామగ్రి దుకాణం నవధాన్యాలు పాతవి అయి ఉంటాయి.


అల్లూరు మనవడు

పదో రోజున వాళ్లకు టీకా పెట్టడానికి పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా నాన్నకు ఇప్పుడు డెబ్బై రెండు. ఈ చర్చ అంతా చదివి వినిపించాను. వస్తానంటున్నారు.


పెన్నా ఒడ్డు

తప్పకుండా తీసుకురండి, భోజనానికి కూడా. గోధుమలు విత్తనాల దుకాణంలో దొరికాయి. పాప, నేను కలిసి మట్టి మూకుట్లో చల్లాము. తొమ్మిది రోజులు చీకట్లో ఉంచాలి కదా, ఎక్కడ పెట్టాలా అని వెతికాము. వాళ్లు డాబా మీదికి మారాక మెట్ల కింది గది ఖాళీగానే ఉంది. అక్కడ పెట్టి తలుపు మూశాము. ఈ ఉదయం తెరిచి చూస్తే తెల్లగా మొనలు కనిపిస్తున్నాయి.